మొన్న మంగళవారం ఏం జరిగిందంటే

హన్మకొండ తిరిగొచ్చి వారమైంది. తెచ్చిన షార్ట్‌బ్రెడ్ బిస్కెట్ డబ్బాల్లో ఇంకా రెండు మిగిలాయి. అవి కూడా చుట్టాలకు పంచేలోపే ఇది రాసేయాలని కూర్చున్నాను. ఆలస్యం చేస్తే మంచిది కాదని ఈ వారంలో నాకే అర్థమైంది.

మా బావమరిది పన్నెండేళ్లుగా స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఉంటున్నాడు. వాడికి స్టాండప్ కామెడీ పిచ్చి. నాకు తెలిసిన స్టాండప్ అల్లా ఫోన్లో వచ్చే ఒక్క నిమిషం ముక్కలే. "ఆగస్టులో రండి బావా, ఎడిన్‌బరాలో మూడు వారాలు ఊరూరంతా అదే పని" అని రెండేళ్ల నుంచి పిలుస్తున్నాడు. ఆ పండగ పేరు ఫ్రింజ్. 2024లో అది ఆగస్టు 2 నుంచి 26 దాకా జరిగింది. ఆ నెలలో ఎడిన్‌బరా గదుల అద్దె వింటే బీపీ పెరుగుతుంది. అందుకని పడక గ్లాస్గోలో, షోలు ఎడిన్‌బరాలో. మధ్యలో యాభై నిమిషాల రైలు.

ఆగస్టు 13, గ్లాస్గో

పొద్దున్నే రోల్ తినిపించాడు. గుండ్రటి బన్ను మధ్యలో చదరంగా కోసిన సాసేజ్, దాని మీద బంగాళాదుంప రొట్టె, పైన బ్రౌన్ సాస్. బన్నులో రొట్టె ఏమిట్రా అంటే, "మనం ఇడ్లీలో గారె నంజుకోవట్లేదా బావా, రెండూ మినప్పప్పే కదా" అన్నాడు. దానికి జవాబు లేదు. పౌండు అప్పుడు 107 రూపాయల దగ్గరుంది. మొదటి రెండు రోజులు ప్రతి ముద్దనూ 107తో గుణించాను. మూడో రోజు మానేశాను, తిండి దిగట్లేదు.

డిక్సన్ స్ట్రీట్‌లో ఒక గోడ నిండా కమెడియన్ బిల్లీ కొనోలీ బొమ్మ. గాలికి ఎగిరే జుట్టు, వెనక మబ్బులు. 2017లో ఆయనకు 75 ఏళ్లు నిండాయని ఊరు మూడు చోట్ల ఇలా గోడల మీద బొమ్మలు వేయించుకుంది. మన దగ్గర ఆ సైజు హీరోలకే. ఈయన క్లైడ్ నది ఒడ్డున ఓడల యార్డులో వెల్డింగ్ చేసినవాడు.

నేను ఫొటో తీస్తుంటే కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగాడు. తానూ కొనోలీ ఒకే యార్డులో పనిచేశామనీ, ఆయన టీ చల్లారిపోయేదాకా కబుర్లు చెప్పేవాడనీ అన్నాడు. చెప్పింది ఐదు నిమిషాలు, నాకు అర్థమైంది ఇంతే. మిగతాది గ్లాస్గో యాస మింగేసింది. ఆయన వెళ్లాక బావమరిది నవ్వాడు: "ఆ వయసువాళ్లందరూ కొనోలీతో పనిచేసినవాళ్లే బావా. నిజంగా అంతమందీ చేసుంటే అక్కడ ఓడ కట్టడానికి చోటుండేది కాదు."

గాలోగేట్ దాకా నడిచాం. దారిలో వాడు చెప్పింది నాకు కొత్త. అప్పట్లో బ్రిటన్‌లో కార్మికుల క్లబ్బుల్లో కమెడియన్లంటే వరసగా జోకులు వదిలేవాళ్లు. అత్తగారి జోకు, ఐరిష్‌వాడి జోకు. అవి ఎవరి సొంతమూ కావు, ఎవరైనా చెప్పుకోవచ్చు. కొనోలీ ఆ దారిలో రాలేదు. ఫోక్ పాటల క్లబ్బుల్లో బాంజో వాయించేవాడు. పాటకూ పాటకూ మధ్య తీగలు సరిచేసుకుంటూ తన వీధి కబుర్లు చెప్పేవాడు. మెల్లగా కబుర్లు పెరిగి పాటలు తగ్గిపోయాయి. బర్మింగ్‌హామ్‌లో జాస్పర్ క్యారట్, వేల్స్‌లో మ్యాక్స్ బాయ్స్ కూడా అలాగే ఫోక్ క్లబ్బుల్లోంచి వచ్చినవాళ్లేనట. వినగానే నాకు హరికథ గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు దాసుగారు రుక్మిణీ కల్యాణం మొదలుపెట్టి, మధ్యలో పిట్టకథలోకి దిగి, అక్కణ్ణుంచి మా ఊరి కరణం మీదికి వచ్చేవాడు. పెళ్లి ఎంతవరకు వచ్చిందో ఎవరికీ పట్టేది కాదు. జనం వచ్చేది పిట్టకథకే.

1975లో పార్కిన్సన్ టీవీ షోలో ఒక్క జోకుతో కొనోలీ దేశమంతా తెలిసిపోయాడు. ఆ జోకు ఇక్కడ రాయను, మా ఇంటావిడ చదువుతుంది. నాకు నచ్చింది వేరే కథ. ఏసుక్రీస్తు చివరి భోజనం జరిగింది గలిలయలో కాదు, అది అచ్చుతప్పు, అసలు జరిగింది గాలోగేట్‌లో అంటాడు ఆయన. అక్కడి సారసెన్ హెడ్ అనే సారా కొట్టులో! మతపెద్దలు కొందరు గట్టిగానే గొడవ చేశారు. ఆ పబ్బు ఇప్పటికీ ఉంది. మేం వెళ్లేసరికి తలుపు మూసి ఉంది. తాళానికో ఫొటో తీసుకుని వెనక్కి తిరిగాం.

వస్తూ గ్లాస్గో ఎంపైర్ అనే థియేటర్ ఒకప్పుడు ఉన్న వీధి చూపించాడు. 1963లో దాన్ని కూల్చేశారు. ఇంగ్లండ్ కమెడియన్లకు అది శ్మశానమని పేరు. ఒకసారి మైక్ వింటర్స్ స్టేజీ మీదికొచ్చి ఎంత కష్టపడినా ఒక్కరూ నవ్వలేదట. అప్పుడు తమ్ముడు బెర్నీ తెర సందులోంచి తల బయటపెట్టాడట. "అయ్యో దేవుడా, ఇంకొకడు కూడా ఉన్నాడా" అని జనంలోంచి కేక. జరిగిందో లేదో, ఊరికి మాత్రం ఆ కథ అంటే ప్రాణం.

రాత్రి ఇంట్లో చికెన్ టిక్కా మసాలా. అది గ్లాస్గోలోనే పుట్టిందని ఇక్కడివాళ్ల నమ్మకం. శిష్ మహల్ హోటల్లో ఎవరో కస్టమర్ ముక్కలు పొడిగా ఉన్నాయన్నాడట, వంటాయన టమాటా సూప్ డబ్బా తీసి మసాలాలతో కలిపి పోశాడట. "ఇది కూడా కొనోలీతో పనిచేసిన బాపతేనా?" అన్నాను. "తినండి బావా" అన్నాడు.

ఆగస్టు 14, ఎడిన్‌బరా

వేవర్లీ స్టేషన్ మెట్లెక్కి రాయల్ మైల్‌లోకి వచ్చామో లేదో చేతిలో పదిహేను కరపత్రాలు. మేడారం జాతరలో బెల్లం అమ్మేవాళ్లు కూడా ఇంత వెంటపడరు. పంచేది కూలివాళ్లు కాదు, చాలామటుకు షో చేసేవాళ్లే. ఒకమ్మాయి నా కళ్లలోకి చూసి, "మా అమ్మ నాకు తెలీకుండా నా గది అద్దెకిచ్చేసింది, దాని మీద గంటసేపు మాట్లాడతాను, మూడింటికి" అంది. మూడు వేలకు పైగా షోల్లో మూడింటికి ఎక్కడికి వెళ్లాలో ఎవడికి తెలుసు? 1947లో అధికారిక పండగకు పిలవకపోయినా ఎనిమిది నాటక బృందాలు వచ్చి పక్కన ఆడేశాయట, అలా మొదలైంది ఇది. ఇప్పుడు పిలిచిన పెళ్లికన్నా పిలవని పెళ్లే పెద్దది.

ఒంటిగంటకు కోట మీద ఫిరంగి పేలింది. నేను బావమరిది చెయ్యి పట్టుకున్నాను. ఊరివాళ్లు తలెత్తలేదు. వాచీలు మాత్రం చూసుకున్నారు.

తర్వాత దారి తప్పాం. మ్యాప్ ప్రకారం మేం నిలబడ్డ రోడ్డూ కౌగేట్ రోడ్డూ అక్కడే కలవాలి. నీలం చుక్క సరిగ్గా కూడలిలో ఉంది. కూడలి మాత్రం లేదు. నాలుగు వైపులా తిరిగాం. చివరికి పిట్టగోడ మీంచి తొంగిచూస్తే నాలుగంతస్తుల లోతున ఇంకో వీధి, దాంట్లో జనం! మేమున్నది వంతెన మీద. రెండు పక్కలా షాపులుండటంతో వంతెనని తెలియదు. ఒకప్పుడు సంతకు పశువులను తోలుకెళ్లిన దారి కాబట్టి దాని పేరు కౌగేట్, గొడ్ల దోవ అన్నమాట. దిగడానికి మెట్ల సందు వెతుక్కునేసరికి ఇరవై నిమిషాలు, ఒక షో గోవిందా.

సాయంత్రం ప్లెజెన్స్ కోర్ట్‌యార్డ్‌లో టికెట్ షో, 15 పౌండ్లు. రాళ్ల నేల, బల్లలు, ఏడు పౌండ్ల బీరు. ముప్పై ఏళ్ల అమ్మాయి. మొదటి అరగంట వాళ్ల నాన్న గురించి విరగబడి నవ్వించింది. బావమరిది నా చెవిలో, "నలభయ్యో నిమిషంలో నాన్న పోతాడు, చూడండి" అన్నాడు. ఫ్రింజ్ షో గంటే. అందులో నలభయ్యో నిమిషంలో లైటు తగ్గి గొంతు మారడం ఎంత మామూలంటే, వాటికి 'డెడ్ డాడ్ షో' అని పేరే పెట్టేశారట. నేను వాచీ చూశాను. ముప్పై ఎనిమిదో నిమిషంలో పోయాడు. చుట్టూ ముక్కులు చీదుకుంటున్నారు. నాకు మాత్రం ఎవరో మీట నొక్కినట్టనిపించింది. కొనోలీ అయితే నాన్నను చంపినా నవ్విస్తూనే చంపేవాడేమో. బయటికొస్తూ ఆ మాటంటే బావమరిదికి కోపమొచ్చింది. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

రాత్రి చేపలూ చిప్సూ కొన్నాం. కౌంటర్ దగ్గర, "సాల్ట్ అండ్ సాస్?" అని అడిగింది. బావమరిది, "వెనిగర్" అన్నాడు. ఆవిడ వీణ్ణి పైనుంచి కిందికి చూసి, "గ్లాస్గో" అంది. ప్రశ్న కాదు, తీర్పు. ఎడిన్‌బరా వాళ్లు చిప్స్ మీద పల్చటి గోధుమరంగు సాస్ పోసుకుంటారు, గ్లాస్గో వాళ్లకు వెనిగర్. ఇది ఆవకాయ, మాగాయ అంత తేలిక తగువు కాదు. నేను సాస్ వేయించుకుని రుచి చూశాను. బాగుంది. ఆ మాట రైల్లో అనలేదు.

ఆగస్టు 15, మళ్లీ ఎడిన్‌బరా

వాన. రైల్లో బావమరిది పాత వీడియోలు చూపించాడు. డేవ్ అలెన్, ఐర్లండ్ మనిషి, ఎత్తు స్టూలు మీద సిగరెట్, గ్లాసుతో కూర్చుని తాపీగా కథ చెప్తాడు. ఎడమ చూపుడువేలు సగమే ఉంటుంది. ఆ వేలు ఎలా పోయిందన్నదానికి చెప్పినప్పుడల్లా ఒక కొత్త కథ. రోనీ కార్బెట్, ఎడిన్‌బరాలోనే పుట్టినవాడు, ఐదడుగుల మనిషి. పెద్ద కుర్చీలో మునిగిపోయి ఒక చిన్న జోకు మొదలుపెట్టి ఐదు నిమిషాలు దారి తప్పుతాడు. నిర్మాత గురించి, భార్య గురించి, ఏదో గుర్తొచ్చినట్టు. అంతా స్పైక్ మలిన్స్ అనే ఆయన ముందే రాసిపెట్టిందట! తప్పిన దారి కూడా స్క్రిప్టే. నాకు నిన్నటి కౌగేట్ గుర్తొచ్చింది.

నికల్సన్ స్క్వేర్ దగ్గర మాస్క్ కిచెన్ (మసీదు వంటిల్లు) అనే హోటల్లో అన్నం, మాంసం కూర. నాలుగు రోజుల్లో మొదటిసారి చేత్తో తిన్నాను. పక్క బల్ల మీద ముఖానికి తెల్లరంగు పూసుకున్న ఇద్దరు మూకనాటకం వాళ్లు గట్టిగా పోట్లాడుకుంటున్నారు.

రాత్రి తొమ్మిదింటికి కౌగేట్‌లో ఒక పబ్బు కింద గుహలాంటి గది. రాతి కప్పు, చెమ్మ వాసన, యాభై కుర్చీలు. ప్రవేశం ఉచితం, వెళ్లేటప్పుడు బకెట్లో తోచినంత వేయాలి. మామూలుగా ఫ్రింజ్‌లో కళాకారులే హాలుకు డబ్బు కట్టి నష్టపోయి వెళ్తారు. 1996లో పీటర్ బక్లీ హిల్ అనే ఆయన మొదలుపెట్టిన ఉచిత ఫ్రింజ్‌తో ఈ బకెట్ పద్ధతి పాకింది. మేం ఆలస్యంగా వెళ్లాం. ముందు వరసంతా ఖాళీ. నేను సంతోషంగా వెళ్లి కూర్చున్నాను. బావమరిది, "బావా వద్దు" అనేలోపే లైట్లు ఆరాయి. ఈ దేశంలో ముందు వరసలో ఎవరూ ఎందుకు కూర్చోరో ఐదు నిమిషాల్లో తెలిసింది.

కమెడియన్‌కు నలభై ఉంటాయి, ఉత్తర ఇంగ్లండ్ వాడు, పాత స్వెటరు. నా వైపే వచ్చాడు. "ఎక్కణ్ణుంచి?" ఇండియా అన్నాను. ఎందుకో, "ఇవాళ మా స్వాతంత్ర్య దినం" అని కూడా అన్నాను. "ఎవరి నుంచి?" అన్నాడు. "మీ నుంచే" అన్నాను. గది ఒక్కసారి "ఊఊ" అంది. ఏం పని అంటే, ఎల్‌ఐసీలో డెవలప్‌మెంట్ ఆఫీసర్ అన్నాను. "ఓహో, ఇన్సూరెన్స్! చెప్పు, నేనింకా ఎన్నాళ్లుంటాను?" ఇరవై ఆరేళ్ల సర్వీసు. నోరు దానంతటదే తెరుచుకుంది: "మీరు సిగరెట్ తాగుతారా?"

ఆ నవ్వు నా జన్మలో వినలేదు. గుహ కదా, చుట్టూ తిరిగి మళ్లీ వచ్చింది. అతను కూడా ఒక్క క్షణం తడబడ్డాడు.

తర్వాత అసలు కథ చెప్పాడు. "మొన్న మంగళవారం ఏం జరిగిందంటే..." వాళ్ల నాన్న ఇల్లు మునిసిపాలిటీ చెత్త యార్డు పక్కనే. దాన్ని అక్కడ టిప్ అంటారు. పాడైన మైక్రోవేవ్ చంకలో పెట్టుకుని నడిచి వెళ్లాడట. గేటు దగ్గరివాడు, నడిచి రాకూడదు, బండిలోనే రావాలి, రూల్ అన్నాడు. నాన్నకు కారు లేదు. ఇంటికెళ్లి టాక్సీ పిలిచాడు, నలభై గజాలకు. గేటువాడు మళ్లీ ఆపాడు: టాక్సీ అంటే వ్యాపార వాహనం, పర్మిట్ కావాలి. ఇక్కడ కమెడియన్ నాన్నలాగా ఊపిరి పీల్చి, చేతిలోని బీరు తన షర్టు మీదే ఒలకబోసుకున్నాడు. "అయ్యో" అని తుడుచుకున్నాడు. జనం పాపం అని నవ్వారు. చివరికి నాన్న మైక్రోవేవ్‌ను టాక్సీ వెనక సీట్లో వదిలేసి దిగాడు. డ్రైవర్ అరిచాడు, మీ సామాను! నాన్న తిరిగి చూడకుండా అన్నాడట: "ఉంచుకో. అది టిప్."

బయట బకెట్ పట్టుకుని తనే నిలబడ్డాడు, పక్కన కార్డు మిషన్. బ్రిటిష్ వాళ్లు నోటు వేసేటప్పుడు దొంగతనం చేస్తున్నట్టు పక్కకు చూస్తారు. నేను పది పౌండ్లు వేశాను. గుణించలేదు.

ఆగస్టు 16, రెండోసారి కౌగేట్

పగలంతా ఇంట్లోనే. బావమరిది 'వుడ్ ఐ లై టు యూ' పాత ఎపిసోడ్లు పెట్టాడు. 2007 నుంచి బీబీసీలో వస్తోంది. ఒకరు తన జీవితంలో జరిగిందంటూ ఒక కథ చెప్తారు, అవతలి జట్టు నిజమో అబద్ధమో తేల్చాలి. బాబ్ మార్టిమర్ అనే ఆయన తన పళ్లకు తానే వైద్యం చేసుకుంటానన్నాడు. పచ్చి అబద్ధమని నేను వంద రూపాయలు పందెం కాశాను. నిజమట. వంద పోయింది.

సిగరెట్ కథ విన్నాక మా ఇంటావిడకీ చెల్లెమ్మకీ (బావమరిది భార్య) అతణ్ణి చూడాలనిపించింది. రాత్రి నలుగురం వెళ్లాం. ఈసారి చివరి వరస, స్తంభం చాటు.

"మొన్న మంగళవారం ఏం జరిగిందంటే..." అదే మంగళవారం. ఆగే చోట్లు అవే, అదే దగ్గు. నేను షర్టు వైపే చూస్తున్నాను. నాన్న ఊపిరి పీల్చే చోట బీరు ఒలికింది. "అయ్యో" అన్నాడు, తుడుచుకున్నాడు. జనం పాపం అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు, చప్పట్లు కొట్టాలనిపించింది. రోజూ ఒక షర్టు ఉతుక్కోవాలి కదా మనిషి.

తర్వాత అన్నాడు: "నిన్న ఇక్కడ, ఈ కుర్చీలో, ఇండియా నుంచి ఒక ఇన్సూరెన్స్ ఆయన..."

చెల్లెమ్మ నా మోచెయ్యి గిల్లింది. అతని కథలో నేను వెంటనే జవాబు చెప్పలేదు. అతణ్ణి తల నుంచి కాళ్ల దాకా చూశాను. నిట్టూర్చాను. సిగరెట్ తాగుతారా అని అడిగాను. తాగుతానంటే, మాట్లాడకుండా జేబులోంచి ఒక పాలసీ ఫారం తీసి, పెన్ను మూత విప్పి, చేతికిచ్చాను. ఆ చేతికిచ్చే చోట నాలుగు సెకన్లు ఆగాడు. నిన్నటికన్నా పెద్ద నవ్వు.

మా ఇంటావిడ నా వైపు తిరిగింది. "ఫారాలు ఇక్కడికి కూడా తెచ్చారా?"

తేలేదని ఒట్టేసినా నమ్మలేదు. జేబులో పెన్ను ఉండటం మాత్రం నిజం. అతను నిన్న అది చూసుంటాడు. నాకు తట్టింది ఇంకొకటి: స్వాతంత్ర్యం ముక్క మొత్తం తీసేశాడు. నా లెక్కలో అదే మంచి జోకు. కానీ అది ఉంటే జనం ఒక క్షణం సర్దుకుని కూర్చుంటారు, ఆ తర్వాత సిగరెట్ దగ్గర అంత నవ్వు రాదు. ఇరవై నాలుగు గంటల్లో కోసి, కుట్టి, ఇస్త్రీ చేశాడు.

బకెట్ దగ్గర గుర్తుపట్టాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నేను ఫారం ఇవ్వలేదు" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "కానీ ఇచ్చి ఉండాల్సింది."

మా ఇంటావిడ ఐదు పౌండ్లు వేసింది. స్టేషన్‌కు వెళ్లే దారంతా బావమరిది ఫోన్లో లీడ్స్‌లోని ఎవరికో ఇదే కథ చెప్తున్నాడు. అందులో కమెడియన్ ఫారం మీద సంతకం కూడా పెట్టాడు.

హన్మకొండ

సోమవారం ఆఫీసులో టీ దగ్గర అందరూ చేరి, లండన్ ఎట్లుంది అన్నారు. లండన్ వెళ్లలేదన్నాను, కౌగేట్ సంగతి మొదలుపెట్టాను. తల నుంచి కాళ్ల దాకా చూశానన్నాను. నిట్టూర్చానన్నాను. సిగరెట్ దగ్గరికొచ్చి, జేబులోంచి తీసి, చెయ్యి చాపి ఆగాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

నవ్వులు తగ్గాక మా మేనేజర్ గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ అడిగారు: "ఏ ఫారం, 300 యేనా?"

"300 యే సార్" అన్నాను.